ఛత్రి తిప్పిన సాయంత్రం

మామిడిపల్లి బుచ్చయ్యకు మాట్లాడితే నోట్లోంచి ముత్యాలు రాలిపోతాయేమోనని భయం. ఎయిర్‌పోర్టు రోడ్డు నడుమ వరసగా పెరిగే పూలచెట్లకు నీళ్లు పట్టడం ఆయన పని. చెట్లకు మాటలతో పనేముంది, అక్కడ చెల్లిపోయింది. ఇంట్లో మాత్రం చెల్లలేదు. షుగరు వల్ల భార్య రుక్మిణమ్మకు చూపు పోయింది. చీకటిని ఎట్లాగో ఓర్చుకుంది గానీ, పగలంతా ఒక్కతే కూర్చోవడం ఆమె వల్ల కాలేదు. టీవీయే ఆమెకు తోడు. అందులో పాట మొదలైతే చాలు, మూసిన రెప్పల వెనక వరిపొలాలు, వానలు, రంగురంగుల చీరలు తేలిపోయేవి.

ఒకనాడు బుచ్చయ్య పని నుంచి వచ్చేసరికి ఆమె టీవీ ముందు బిక్కమొహం వేసుకుని ఉంది.

"నేనేం ముట్టలేదయ్యా. పొద్దుగాల పాట నడుమల ఆగిపోయింది. నా చెయ్యి తాకి ఖరాబైందేమోనని ఒకటే పరేషాన్."

తెర మీద రీచార్జి చేయించమని ఇంతింత అక్షరాలున్నాయి. చూపు లేని మనిషికి వాటినెవరు చదివి చెప్పాలి! పొద్దుటి నుంచి ఆ అక్షరాల ముందే తప్పు చేసిన పిల్లలా కూర్చుందన్నమాట.

బుచ్చయ్య మర్నాడే శంషాబాద్ పోయి మల్లేశ్వర్ టీవీల దుకాణంలో నిలబడ్డాడు.

"నడుమల ఆగిపోనిది గావాలె."

"ఫ్రీ డిష్ పెట్టుకో బుచ్చన్నా. ఒక్కపారి బిగిస్తే ఇగ రీచార్జి ముచ్చటే లేదు. గానీ వదిన వినే సీరియల్ రాదు మల్ల. పాత పాటలు, వార్తలు, రైతుల ముచ్చట్లు, రేడియో వస్తయి. జర సోచాయించుకో."

బస్సులో ఇంటిదాకా ఆలోచిస్తూనే వచ్చాడు. ఆ సీరియల్లో కోడలి కష్టాలు రుక్మిణమ్మకు సొంత బిడ్డ కష్టాలు. ఎటూ తేలక చివరికి ఆమెనే అడిగాడు.

"ఆ పిల్ల ఏడుపు ఎట్లనో మర్శిపోత. నడుమల మాత్రం బంద్ గావొద్దు" అంది.

అట్లా డిష్ వాళ్ల మిద్దెక్కింది. గొడుగులా ఉంటుందని బుచ్చయ్య దాన్ని ఛత్రి అంటాడు. టికెట్లు కొన్నవాళ్లను మోసుకుని విమానాలు ఆ మిద్దె మీదుగానే పోతుంటాయి. వాటన్నిటికీ పైన ఎక్కడో కదలకుండా నిలబడి, ఎవరినీ ఏమీ అడగకుండా ఇంటింటికీ పాటలు వంపే ఉపగ్రహమొకటి ఉందని తలుచుకుంటే ఆయనకు కలలో ఉన్నట్టుండేది.

ఎండాకాలంలో ఒక మధ్యాహ్నం గాలిదుమారం లేచి ఛత్రి మొహం తిప్పేసింది. బుచ్చయ్య పని నుంచి వచ్చేసరికి టీవీ మూగబోయి ఉంది. మల్లేశ్వరేమో పెళ్లికని కందుకూరు వెళ్లాడు. తెల్లారితే బుచ్చయ్య డ్యూటీకి పోవాలి. మళ్లీ ఆ మనిషి పగలంతా అట్లా కూర్చోవాలా? ఆయన మనసొప్పలేదు.

"నేను మీద తిప్పుత. పాట ఇనవడంగనే ఒర్రు" అని మెట్లెక్కాడు.

ఛత్రి తిప్పాలంటే ఏ ఇంట్లోనైనా మీద ఒకరు, కింద టీవీ చూస్తూ ఒకరు ఉండాల్సిందే. ఈ ఇంట్లో చూడడానికి కళ్లు లేవు, చెవులే దిక్కు.

"వచ్చిందా?"

"రాలే!"

"ఇప్పుడు?"

"ముక్కలు ముక్కలు వస్తుంది... అయ్యో, పోయింది!"

అరుపులు పైకీ కిందికీ తిరిగాయి. కాసేపటికి కింది నుంచి ఇంకో ప్రశ్న వచ్చింది.

"గాడికెళ్లి ఏం కనవడ్తుందయ్యా?"

"ఏముంది, ఇమానం దిగుతుంది. తెల్లగ. తోక నీలం. వచ్చిందా?"

"రాలే. జర ఆగు, ఇప్పుడే తిప్పకు. పెట్టె సోచాయిస్తున్నట్టుంది. ఇంకేం కనవడ్తుంది?"

ఛత్రి ముట్టబోతే చాలు, ఇంకొద్దిసేపు ఆగమని కింది నుంచి కేక. మబ్బు కొస కుంకుమ రంగుకు తిరిగిందన్నాడు. పహాడీ షరీఫ్ దర్గా గుట్ట మీద దీపాలు పెట్టారన్నాడు. పక్కింటివాళ్ల ఎర్రచీర ఎగిరొచ్చి మన ఛత్రికే కొంగు కప్పబోయిందన్నాడు. రుక్మిణమ్మ పకపకా నవ్వింది. అబ్బ, ఆ నవ్వు విని ఎన్నాళ్లయింది! ఆయనకు చెప్పబుద్ధయింది. మసక వెలుతురులో ఒక్కొక్కటే వెతికి వెతికి చెప్పాడు.

చీకటి పడ్డాక గొంతు బొంగురుపోయి, రేపెట్లారా భగవంతుడా అనుకుంటూ మెట్లు దిగాడు. గుమ్మంలోనే ఆగిపోయాడు. టీవీలో ఎవరో సన్నగా పాడుతున్నారు. తెర నిండా బొమ్మ. రుక్మిణమ్మ ఒళ్లో రిమోటుంది, సౌండు బాగా తగ్గించి ఉంది.

"ఎప్పుడొచ్చిందే?"

"నువ్వు తెల్ల ఇమానం అన్నప్పుడే."

"మరి రాలే అంటివి?"

"వచ్చిందంటే దిగొస్తవు. దిగొస్తే మాట్లాడవు."

బుచ్చయ్యకు కళ్లల్లో నీళ్లు తిరిగాయి. సిగ్గేసింది, ఆమె మీద చెప్పలేనంత ప్రేమ కూడా పొంగింది. చాప మీద ఆమె పక్కన కూర్చున్నాడు. రిమోటు తీసుకుని టీవీ బంద్ చేశాడు.

"ఇయ్యాల నేను నీళ్లు వట్టిన కాడ ఏమైందో ఎరికేనా..." అని మొదలుపెట్టాడు.