మూడో అంతస్తు పాస్‌వర్డు

ఇందుమూలముగా బర్మా దేశపు యాంగోన్ నగరమందలి బోటాటౌంగ్‌లోని మా వీధి సమస్త ప్రజలకు, వారి ఫోనులకు, ఛార్జర్లకు తెలియజేయడమేమనగా: మూడో అంతస్తు వైఫై పాస్‌వర్డు మారలేదు, ఇకమీదట కూడా మారబోదు. మెట్ల మీద ఎవరి మెట్టు వారిదే. చెప్పులు కిందనే విడవవలెను. వేరుశనగ తొక్కలు మెట్ల మూలల్లో కుక్కరాదు. కరెంటు వంతు లేని పూట వైఫై లైను ఎందుకు రాలేదని ఎవరూ ఎవరినీ నిలదీయరాదు. ఈ ఆజ్ఞలు మీరినవారిని ఒక మెట్టు కిందికి దింపడమగును.

ఈ చాటింపు వేసే హక్కు నిజానికి నాది కాదు. వేయవలసిన మనిషి, ఆ మూడో అంతస్తులో ఉండే మా మేనత్త, వానలు తగ్గుముఖం పట్టిన రోజుల్లో ఆసుపత్రిలో పోయింది. ఆ పొద్దున ఆమె పక్కన కూర్చున్నది నేనే. మా బావ, అంటే ఆమె కొడుకు, వచ్చాక అతన్ని కూర్చోబెట్టి నా కొట్టుకి వచ్చాను. మధ్యాహ్నం ఫోను మోగింది. అత్త కట్టిన గ్రూపులో, రోజూ తెల్లారగానే ఆమె పువ్వుల బొమ్మ పెట్టే చోట, బావ బర్మా భాషలో ఒక్క వాక్యం రాశాడు. దాని కింద వీధి వీధంతా ఏడుపు బొమ్మలు పెట్టింది. కింది ఇంటి రావులమ్మ పిన్ని కంగారులో పగలబడి నవ్వే బొమ్మ నొక్కింది. అత్త ఉంటే, కళ్ళజోడు పెట్టుకుని నొక్కవే అని అక్కడే గడ్డి పెట్టేది.

నా సంగతి మీకు తెలిసిందే. బడికి ఎనిమిదో తరగతిలోనే దండం పెట్టాను. వీధి మొగలో ఫోన్లకు అద్దాలు అతికించే బల్ల నాది. వీధిలో ఎవరింటి గంట ఊరికే మోగినా ముందు తిట్లు నాకే. చాలాసార్లు న్యాయమైన తిట్లే.

గంట అంటే గుర్తొచ్చింది. మా వీధి చూడనివాళ్ళు ఎవరైనా ఇది చదువుతుంటే వాళ్ళ కోసం చెప్పాలి. ఇక్కడ మేడలకు లిఫ్టులుండవు. మెట్లు నిచ్చెనకు చెల్లెళ్ళు. అందుకని ప్రతి బాల్కనీ నుంచీ ఒక తాడు వీధిలోకి వేలాడుతుంది. కింది కొసకి క్లిప్పు, పై కొసకి గంట. పేపరు తెచ్చినవాడైనా, కూరలమ్మే ఆవిడైనా సరుకు క్లిప్పుకి తగిలించి తాడు గుంజుతారు. పైన గంట మోగుతుంది, పైవాళ్ళు లాక్కుంటారు. మేం పుట్టి పెరిగింది ఈ తాళ్ళ కిందే. ఇంటర్నెట్టు అంటే ఏమిటో మా అత్త వీధి మొత్తానికి నేర్పింది ఈ తాళ్ళతోనే.

ఆమె నేర్చుకోవడం మాత్రం నా దగ్గర మొదలుపెట్టింది, పాపం. ఒకరు వాడి వదిలేసిన ఫోను ఒకటి నేను బాగుచేసి ఇస్తే, దాన్ని అటూ ఇటూ తిప్పి చూసి, సిగ్నలు ఎలా అందుతుందిరా అని అడిగింది. నది వైపు తిరిగి, ఎడమ చెయ్యి నెత్తి మీద పెట్టుకుని, ఒంటికాలి మీద నిలబడితే బాగా అందుతుందని చెప్పాను. నమ్మింది. బాల్కనీలో అలా నిలబడింది. కింద టీ కొట్టులో గ్లాసులు కడిగేవాళ్ళు కూడా పని ఆపి చూశారు. ఆమెకు విషయం తెలిశాక నన్ను కొట్టలేదు, తిట్టలేదు. తర్వాత పాఠం మొదలుపెట్టినప్పుడు, స్పామ్ అంటే ఏమిటని ఎవరో అడిగితే, బాల్కనీలోంచి కిందనున్న నన్ను చూపించింది.

"అదిగో, నా మేనల్లుడి మాటలు. ఎవులూ అడగరు, అయే ఒస్తాయి. ఆపినా ఆగవు. నమ్మినోలు ఒంటికాలి మీద నిలబడతారు."

ఆ రోజు నుంచి మా వీధిలో స్పామ్ అంటే ఏమిటో తెలియని ఆడమనిషి లేదు. నేనెంత పనికొచ్చానో చూడండి.

పాఠాలు మెట్ల మీద జరిగేవి. ఆమె గది సన్నం. పైగా తలుపు తీసి పెడితే వైఫై బాగా పారేది మెట్ల మీదికే. కరెంటు వంతు వచ్చిన మధ్యాహ్నం ఆమె గంట తనే మోగించేది. వంటలు ముగించుకున్న ఆడవాళ్ళు వచ్చి మెట్టుకొకరు కూర్చునేవాళ్ళు. ఎదురు మేడలో ఉండే బర్మా ఆవిడ కూడా వచ్చేది. అత్త ఆమెను డో అని మర్యాదగా పిలిచి, పై మెట్టు ఇచ్చేది. ఆవిడకు తెలుగు రాదు. కానీ పాఠంలో సగం తాళ్ళూ ఓడలే కాబట్టి ఆవిడకు అర్థం కానిది ఏమీ లేదు.

ఓడలు ఎందుకంటే, మా తాత శ్రీకాకుళం వైపు నుంచి వచ్చి ఈ రేవులోనే బస్తాలు మోశాడు. అత్త మోకాళ్ళు పట్టేసే దాకా గొడౌనులో బస్తాలు కుట్టింది. ఆమెకు లోకం మొత్తం సరుకు ఎక్కించడం, సరుకు దించడం. అందుకే డౌన్‌లోడు, అప్‌లోడు చెప్పడానికి ఆమెకు నోరు తిరగనక్కర్లేకపోయింది, రేవు వైపు చెయ్యి చూపిస్తే సరిపోయింది. వీడియో మధ్యలో ఆగి చక్రం గుండ్రంగా తిరుగుతుంటే అందరూ తెర మీద పొడిచి పొడిచి వదిలేవాళ్ళు. ఓడ పోటు కోసం ఆగింది, నువ్వు పొడిస్తే నదికి పోటు వస్తుందా అనేది. కొన్ని పేజీలు నేరుగా తెరుచుకోవని, విపిఎన్ ఉండాలని నేను చెబితే, అదేమిటో ఒక్క క్షణం ఆలోచించి, పెద్ద నదిలో దారి లేనప్పుడు ట్వంటే కాలవలోంచి చుట్టి వెళ్ళడమే కదా అంది. అంతకంటే బాగా చెప్పినవాణ్ణి నేను ఇంతవరకూ చూడలేదు. నా బల్ల దగ్గరికి వచ్చేవాళ్ళకు ఇప్పటికీ ఆ కాలవే చెబుతున్నాను, నా సొంత తెలివి అన్నట్టు.

క్లౌడు దగ్గర మాత్రం గట్టిగానే చెప్పింది. అందరూ ఆకాశంలోకి చూస్తున్నారు మరి.

"పైకేటి సూస్తారే? మబ్బూ గాదు, గిబ్బూ గాదు. ఎవుడిదో గొడౌను. మన బస్తాలు ఆడి కాడెట్టినాం. ఆడు తాళవేసీసినాడంటే మనం గుమ్మంలో నిలబడాల. పిల్లల బొమ్మలు ఇంట్లో ఇంకో కాడ కూడా దాసుకోండి."

లింకు పాఠానికి కూడా ఘనత నాదే. ఒకరోజు మంచి మిఠాయి పొట్లం ఒకటి సంపాదించి, అందులో రబ్బరు తొండను పెట్టి, ఆమె తాడుకి తగిలించి గంట గుంజాను. లాక్కుంది. విప్పింది. ఆ కేక సేక్కాన్ రేవు దాకా వినిపించిందని అక్కడ పనిచేసే మావాళ్ళే చెప్పారు. మర్నాడు ఆ తొండనే క్లిప్పుకి వేలాడదీసి పాఠం చెప్పింది. పొట్లం బాగుందని లాక్కోకూడదు, కింద ఎవరు నిలబడ్డారో వంగి చూడాలి, తెలియని మొహం అయితే తాడు ముట్టుకోకూడదు. లింకు అంతే. కొన్నాళ్ళకు రావులమ్మ పిన్నికి ఏదో బహుమతి తగిలిందని, ఇక్కడ నొక్కమని మెసేజి వచ్చింది. ఆవిడ నొక్కలేదు. ఫోను పట్టుకుని నా దగ్గరికి వచ్చి, ఇందులో తొండ ఉందా బాబూ అని అడిగింది. ఉంది పిన్నీ అన్నాను. ఆ సాయంత్రం అత్త మెడ ఎంత నిటారుగా ఉందో నేను చూశాను.

పాస్‌వర్డు సంగతి చెప్పకపోతే ఈ కథ పూర్తి కాదు. పాస్‌వర్డు ఇంటి తాళం చెవిలాంటిది, ఎవరికీ చెప్పకూడదని పెద్ద పాఠం చెప్పింది. పాఠం అవగానే దాన్ని చీటీల మీద రాసి, తాడుకి తగిలించి, ఒక్కొక్కరికీ కిందికి దించింది. నేను కింద నిలబడి పకపకా నవ్వి, ఇదేం తాళం అత్తా అని అడిగాను.

"ఎవులికీ సెప్పకూడదంటే బయటోలికిరా. ఈలు బయటోలేటి? మన మెట్లోలు."

మన మెట్లవాళ్ళు. ఆ మాట ఇప్పటికీ వాడుకలో ఉంది. మన కులపోళ్ళు, మన ఊరోళ్ళు అనుకునే జనం మేము. ఆమె ఆ వరుసలో మెట్లను కూడా చేర్చింది. ఆ పాస్‌వర్డు ఇక్కడ రాయను, రాస్తే ఆమె లేచి వస్తుంది.

ఇక ఆమె పోయాక ఏమైందో చెబుతాను. మూడో రోజునే బావ లైను తీయించేస్తానని అన్నాడు. చెడ్డవాడు కాదు. రోజంతా ఆఫీసులో నలిగి వచ్చి, ఆడవాళ్ళ కాళ్ళు దాటుకుంటూ, క్షమించండి క్షమించండి అనుకుంటూ మూడంతస్తులు ఎక్కినవాడు. నా ఫోనుకీ నా భార్య ఫోనుకీ డేటా ఉంది, అమ్మే లేదు, ఇంకెవరి కోసం అన్నాడు.

రావులమ్మ పిన్ని నా బల్ల దగ్గరికి వచ్చి నిలబడింది. రేవు దగ్గర వడలు అమ్మే మనిషి. కూతురు మలేషియాలో ఉంది, కడుపుతో ఉంది. అమ్మా కూతుళ్ళు చూసుకునేది నాలుగో మెట్టు మీద కూర్చునే. అక్కడైతేనే బొమ్మ ఆగకుండా నడుస్తుంది.

"లైను తీసేస్తారంట గదా బాబూ. గుంటకి నెలలు నిండతన్నాయి. సచ్చిపోయిన ఇంట్లో ఎల్లి ఏటడుగుతాను సెప్పు."

చూద్దాంలే పిన్నీ అన్నాను. ఏం చూడాలో నాకూ తెలియదు.

పదో రోజున నది ఒడ్డున పిండం పెట్టారు. యాంగోన్‌లో కాకులకు కరువా? మనం అన్నం మూత తీసేలోపు పది వాలతాయి. ఆ రోజు ఒక్కటీ దగ్గరికి రాలేదు. పాత జెట్టీ మీద వరసగా కూర్చుని మమ్మల్ని చూస్తున్నాయి. ఎండ మండిపోతోంది. గుండు చేయించుకున్న బావ మీద నేను పెద్ద నల్ల గొడుగు పట్టుకుని నిలబడ్డాను. పంతులు గారు, ఆమెకేదో మనసులో ఉండిపోయింది, తీరుస్తామని చెప్పండి అన్నారు. ఒకరు గుళ్ళో పూజ చేయిస్తామన్నారు. ఒకరు మనవరాలికి ఆమె పేరు పెడతామన్నారు. మా ఆవిడ, నా మొగుడు ఇక అల్లరి చెయ్యడని మాటిచ్చింది. కాకులు కనీసం మెడ తిప్పలేదు. బావ కళ్ళు తుడుచుకుంటున్నాడు. రావులమ్మ పిన్ని అందరికంటే వెనక, కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నిలబడింది.

అప్పుడు నేను గొడుగు మూసి, బావ దగ్గరికి వెళ్ళి, అందరికీ వినబడేలా చెప్పాను. ఆసుపత్రిలో ఆ చివరి పొద్దున అత్త నా చెయ్యి పట్టుకుని ఒక మాట అంది బావా, నీకెలా చెప్పాలో తెలియక ఆగాను అన్నాను. "లైను తీయొద్దన్నాది. పాస్‌వర్డు మార్సొద్దన్నాది. మెట్లోలు ఉన్నారన్నాది."

బావ కళ్ళు తుడుచుకోవడం ఆపాడు. తర్వాత పిండం వైపు తిరిగి, వచ్చీరాని తెలుగులో, "తియ్యనమ్మా. ఎప్పుడూ తియ్యను," అన్నాడు.

జెట్టీ మీంచి ఒక కాకి లేచింది. నేరుగా వచ్చి వాలింది.

రావులమ్మ పిన్ని మనవణ్ణి నాలుగో మెట్టు మీదే చూసింది. వాడు పుట్టిన రోజున మెట్లన్నీ నిండిపోయి, ఆలస్యంగా వచ్చినవాళ్ళు వీధిలో నిలబడ్డారు. ఫోను చేతులు మారుతూ పైదాకా వెళ్ళి వచ్చింది. పిల్లాడి బొమ్మ గొడౌనులో పెట్టావా, ఇంట్లో కూడా దాచావా అని డో గారు బర్మాలో అడిగితే, రెండు చోట్లా పెట్టానని పిన్ని దర్జాగా జవాబు చెప్పింది. బావ ఆఫీసు నుంచి వచ్చి, కాళ్ళు దాటబోయి, నాలుగో మెట్టు దగ్గర ఆగి తనూ తొంగి చూశాడు. మూడో అంతస్తులో ఆ చిన్న పెట్టె ఆకుపచ్చగా మిణుకుతూనే ఉంది. బస్తాలు కుట్టిన మనిషి కట్టిన తాడు అది. మా వీధి అంతా దాన్ని పట్టుకునే ఉంది. ఆమె నాకు మేనత్త అయినందుకు ఛాతీ విరుచుకునే నడుస్తున్నాను, ఎవరేమనుకున్నా సరే.

ఒక్క సంగతి మిగిలింది. బావకు తెలుగు మాట్లాడడం వచ్చు గానీ చదవడం రాదు. అందుకే ఇది తెలుగులో రాస్తున్నాను. చదివినవాళ్ళు, మెట్ల మీద ఒట్టు, నోరు మెదపకండి. నా మాటలన్నీ స్పామ్ అని వీధంతటికీ నేర్పిన మనిషి ఆమె. ఆమె కొడుకే ఒక్కసారి వంగి చూడకుండా తాడు లాగాడు. కాకి మాత్రం నిజం. కాకులు బెదిరింది నల్ల గొడుగుకే అంటారా, నేను ఎండకి పట్టాను, మాట చెప్పడానికి మూశాను.

ఆ పొద్దున ఆసుపత్రిలో అత్త కళ్ళు తెరిచి నన్ను ఒకటే అడిగింది. "సార్జింగు ఎంతుందిరా?" నిండా ఉంది అత్తా అని ఫోను ఆమె చేతిలో పెట్టాను. దాని వెలుగు కాసేపు ఆమె గడ్డం మీద ఉండి, దానంతట అదే ఆరిపోయింది. లైను గురించి ఆమె నాతో ఒక్క ముక్క కూడా అనలేదు.