ఉప్పుగూడ రాయి మరిచిపోయినది

కర్నూలు నుంచి హైదరాబాదు వెళ్ళే బండి ఉప్పుగూడ స్టేషన్ మీదుగానే పోతుంది, కానీ ఆగదు. దేవుడు వరమిచ్చినా పూజారి కరుణించడంటారే, అదీ సంగతి. కాచిగూడ దాకా వెళ్ళి, దిగి, లోకల్ రైలెక్కి, వచ్చిన దారినే వెనక్కి రావాలి. ఆ వైపు వెళ్ళదలచినవాళ్ళు ఇది ముందే తెలుసుకుంటే మంచిది. నాకు ఎవరూ చెప్పలేదు.

నేను బయలుదేరింది ఒక రాయి కోసం. కాలేజీలో ఫిజిక్సు పాఠాలు చెప్పి రిటైరైనవాణ్ణి. మా వీధిలో అద్దెకుండే సుజాత ఒకరోజు మాటల్లో, ఉప్పుగూడలో తన పెద్దత్త యాదమ్మ దగ్గర ఆకాశం నుంచి పడ్డ రాయి ఉందని చెప్పింది.

"దానికి ఎవరైనా అయస్కాంతం తగిలించారా?" అని ఆత్రంగా అడిగాను.

"లేదు సార్, అత్త ఎవర్నీ ముట్టనియ్యదు. గుడ్డల చుట్టి పెట్టుకున్నది" అంది. సుజాత ఆ ఇంట్లో అడుగుపెట్టిందే పెదమామ పోయాక. తను చూసింది మూటనే, రాయిని కాదు. అయినా నా ప్రాణం లేచొచ్చింది.

ఆ ప్రశ్న ఎందుకో చెప్పాలి. కుజుడి లాంటి రాతి గ్రహం మీద కరిగిన రాయి చల్లబడేటప్పుడు, అందులోని ఇనుప రేణువులు ఆ వేళ గ్రహానికున్న అయస్కాంతపు దిశను పట్టేసుకుంటాయి. కుజుడికి ఇప్పుడు భూమికున్నట్టు ఒంటినిండా అయస్కాంతం లేదు. ఎప్పుడో చల్లారిపోయింది. కానీ పైపొరలోని రాళ్ళలో అక్కడక్కడా ఇంకా మిగిలి ఉంది. అక్కణ్ణించో మరో చోటినుంచో ఊడి మన మీద పడ్డ రాయిలోనూ అలాంటి జ్ఞాపకం ఉండొచ్చు. అయితే బలమైన అయస్కాంతం ఒక్కసారి తగిలితే పాతది చెరిగి కొత్తది ఎక్కుతుంది. పోయింది మళ్ళీ రాదు. జీవితమంతా అయస్కాంతం గురించి చెప్పాను గానీ, చెరగని రాయిని ఒక్కదాన్నయినా చేత్తో పట్టుకోలేదు. అదే నా కొరత.

పొద్దున్నే ఎక్కిన బండి గద్వాల, మహబూబ్‌నగర్ దాటి పదకొండున్నరకు కాచిగూడ చేరింది. ప్లాట్‌ఫారం మీద తిన్న ఇడ్లీ గురించి చెప్పకపోవడమే మర్యాద. లోకల్ టికెట్ మాత్రం చాయ్ కన్నా చవక. కిటికీ పక్కన కూర్చుని, ఆగలేక సంచిలోంచి దిక్సూచి తీశాను. ముల్లు ఒకచోట నిలవడం లేదు.

పక్కన కూర్చున్న సైదాబాద్ దర్జీ ఒకాయన తొంగిచూసి, "నమాజుకు ఖిబ్లా దిక్కు కోసమా సాబ్? గాడీల పనిచెయ్యదు, లోహా మస్తుంటది. దిగినంక చూస్కో" అన్నాడు. నవ్వి లోపల పెట్టేశాను.

యాదమ్మ ఇల్లు పట్టాలకు దగ్గరే. ముందు బర్రెల కొట్టం, వెనక రెండు గదులు. చేతులు కడుక్కుంటూ ఎదురొచ్చింది.

"రా సారు, గిట్ల గూసో. ఎండల పడి వచ్చినవ్, ముందుగాల తిను. రాయి యాడికి పోతది?"

జొన్నరొట్టె, పప్పు, పైన చిక్కటి చాయ్. ఆ రోజుకు అదే భోజనమంటే. తింటుండగా ఆవిడ తన సంగతి చెప్పింది.

"మా ఇంటాయన బర్లకు గడ్డేస్తుంటె మీదికెల్లి పడ్డది సారు. రేకుకు తూటు వడ్డది. గల్లీ అంత నవ్విన్రు. తాగి సూసిండన్నరు. ఇప్పుడు గూడ కొందరు కార్ఖానా ఇనుప ముక్క అంటరు. ఆయన లేడు. నాకొక్కటే జెప్పు, ఆయన అబద్ధమాడిండా?"

మూట విప్పింది. పిడికెడంత రాయి. పైన కాలిన నల్లటి పొర, పిండిముద్దను బొటనవేలితో నొక్కినట్టు గుంటలు. విరిగిన మూల దగ్గర బూడిదరంగులో ఇనుప రేణువులు మెరుస్తున్నాయి. ఆకాశం నుంచి పడ్డ రాళ్ళ గుర్తులన్నీ ఇవే. దిక్సూచి పక్కన పెట్టాను. రాయిలో సహజంగా మిగిలేది చాలా బలహీనం, మామూలు ముల్లును కదిలించేంత ఉండదు. కదలకపోతేనే నాకు శుభవార్త.

ముల్లు గిర్రున తిరిగి రాయివైపు చూసింది.

"సూసినవా సారు!" యాదమ్మ చప్పట్లు కొట్టింది.

"దీనికి అయస్కాంతం పెట్టారా అమ్మా?"

"పెట్టకుండ ఎట్లుంటం?" గూట్లోంచి పాత స్పీకరు అయస్కాంతం తెచ్చింది. అరచేయంత ఉంది. "నవ్వినోళ్ల ముంగట ఆయన గిది అంటిచ్చి సూపెట్టేటోడు. దసరాకు జమ్మి ఆకు చేతుల పెట్టనీకి వచ్చినోళ్లకు గూడ. గట్ల జేస్తెనే నమ్మిన్రు నమ్మినోళ్లు."

నేను వచ్చిన పని అక్కడితో అయిపోయింది. అయినా ముందు ఆవిడ అడిగిందానికి జవాబు చెప్పాలి కదా. "ఆయన అబద్ధం చెప్పలేదమ్మా. ఇది ఆకాశం నుంచి పడ్డదే" అన్నాను.

కొంగు మొహానికి అడ్డం పెట్టుకుని చాలాసేపు ఏడ్చింది. తర్వాత నన్ను చూసి, "మరి నువ్వెందుకు సారు గట్ల మొఖం పెట్టినవ్?" అంది.

దాచలేక అంతా చెప్పాను. ఓపిగ్గా విన్నది.

"అంటే గిప్పుడు దాంట్ల ఉన్నది ఆయన ఎక్కిచ్చిందేనా?"

"అదే అమ్మా."

"పాతదేం లేదా?"

"ఉండదు."

రాయిని ఒళ్ళోకి తీసుకుని నిమిరింది. "అయ్యో, గింత దూరం వచ్చినవ్. నీ కోసమన్న జరంత మిగలకపాయె" అంది. ఆవిడ కళ్ళలో సంతోషం ఉంది, నా మీద జాలీ ఉంది. ఆ జాలిని తట్టుకోవడమే కష్టమైంది.

సాయంత్రం కాచిగూడలో కర్నూలు బండెక్కాను. ఉప్పుగూడ వస్తుందని తలుపు దగ్గరికి వెళ్ళి నిలబడ్డాను. స్టేషను దీపాలు కనిపించీ కనిపించకముందే వెనక్కి పోయాయి. ఆయన అయస్కాంతం పెట్టకపోతే ఎన్నో యుగాల నాటి జ్ఞాపకం ఆ రాయిలో మిగిలి ఉండేదేమో. పెట్టకపోతే ఆ గల్లీలో ఆయన మాట నమ్మేవాళ్ళే ఉండేవారు కాదు, రాయి ఏ చెత్తకుప్పలోనో పడి ఉండేది. ఇది తెలుసు. తెలిసినా బాధ తగ్గలేదు.

అటు వెళ్ళినవాళ్ళు యాదమ్మ ఇంటికి తప్పక వెళ్ళండి. రొట్టె పెడుతుంది. మూట విప్పి, రాయికి అయస్కాంతం అంటించి చూపిస్తుంది. వద్దనకండి.