మొయినుద్దీన్‌కు నచ్చని విందు

మదనపల్లె నుంచి కుప్పం దాకా ఏ పెళ్లి విందుకు వెళ్లినా వంక పెట్టకుండా తిరిగొచ్చిన పాపాన మొయినుద్దీన్ పోలేదు. పుంగనూరు బిర్యానీ గడ్డి నమిలినట్టుందంటాడు. కుప్పం దాల్చా పప్పు కంటే కాలువ నీళ్లు నయమంటాడు. పోనీ మానేస్తాడా అంటే అదీ లేదు. పిలిస్తే ముందు వెళ్తాడు, పిలవకపోతే ఇంకా ముందు వెళ్తాడు.

"నచ్చకపోతే యాల పోతావప్పా?" అని అడిగితే, "బాగలేదని చెప్పేదానికి ఒక మనిషన్నా ఉండల్ల గదా!" అనేవాడు.

మదనపల్లె బస్టాండు వెనక తాళాలు బాగుచేసే కొట్టు ఆయనది. ఇంట్లో ఆయన, చెల్లెలు ఫాతిమున్నీసా, అంతే. విందు నుంచి వచ్చి చెప్పులైనా విప్పకముందే తీర్పు మొదలయ్యేది.

"థూ! అదేం బిర్యానీ! అన్నం ఒక పక్క, మాంసం ఇంకో పక్క అలిగి కూసోనుండాయి."

"బిర్యానీలోకి పుల్లగా టమాటా ఖట్టా చేసినారా అన్నా?" ఫాతిమా ఆశగా అడిగేది.

"చేసినారు. నాలుగు చుక్కలు తెచ్చుకోనుంటే తాళాల తుప్పు వదిలిపోయేది."

ఫాతిమా నవ్వేది. నవ్వుతూనే గుటక మింగేది. వీధిలో టమాటా బుట్టల బండి పోతుంటే ఆమె తలుపు చాటుకు తప్పుకునేది. ఆ ఎరుపు చూస్తే నోట్లో నీళ్లు ఊరేవి, ఆ వెంటనే కళ్లలో కూడా.

ఎనభైల చివరి మాట ఇది. ఫాతిమా ఎముకల్లో రక్తం పుట్టడమే తగ్గిపోయిందని వేలూరు డాక్టర్లు తేల్చారు. తోబుట్టువు ఎముకల్లోంచి మూలుగ తీసి ఎక్కించాలన్నారు. అలాంటి వైద్యం ఒకటుందని మన వైపు ఎవరూ విననైనా విని ఉండని రోజులు. మొయినుద్దీన్ మాత్రం ఛాతీ విరుచుకుని ముందుకొచ్చాడు.

"పుట్టినకాడి నుంచి నల్లిబొక్కలు జుర్రుతాండాను సార్. నాకాడ మూలుగకు కరువా? ఎంత కావల్లంటే అంత తీసుకోండి!"

మూలుగ నాటుకుంది. రక్తం పుట్టింది. ఇంటికొచ్చి అందరూ సంబరపడుతుండగా ఫాతిమా మొహం, కాళ్లు ఉబ్బడం మొదలైంది. ఆ వైద్యానికి వాడిన ఘాటు మందుల వల్ల కిడ్నీలు దెబ్బతిన్నాయనీ, కొందరికి ఇలా అవుతుందనీ డాక్టరు చెప్పాడు. ఉప్పు, ఊరగాయ, టమాటా దగ్గరికి రానీయకూడదు. నీళ్లు కూడా కొలిచి తాగాలి. పథ్యం తప్పితే, ఉన్న కాస్త కిడ్నీ కూడా చేతికి దక్కదు.

అప్పటి నుంచే మొయినుద్దీన్‌కు ఏ వంటా నచ్చడం మానేసింది. తనకు ఆశ పుట్టకూడదనే అన్న అలా తిడుతున్నాడని ఫాతిమా మొదట్లోనే పసిగట్టింది. కానీ ఆమెకు కావలసింది అది కాదు. ఒక్క విందైనా అద్భుతంగా ఉందని ఆయన చెబుతుంటే కళ్లు మూసుకుని వినాలని ఉండేది. ఆ మాట అడిగితే అన్న బాధపడతాడని ఊరుకునేది.

ఒక మధ్యాహ్నం పుంగనూరు నుంచి పెళ్లి వంటలు చేసే అలావుద్దీన్ దిగాడు. చేతిలో పెద్ద టిఫిన్ క్యారియర్. జబ్బు చేసి పెళ్లికి రాలేనివాళ్లకు మొదటి వడ్డన తీసి క్యారియర్ కట్టి పంపడం ఆ వీధుల్లో మర్యాద.

"నేనేం ద్రోహం చేసినానమ్మా మీ అన్నకు? పెండ్లిలో నీకని ఇది కడితే, 'ఈ కూడు మా గడప తొక్కకూడదు' అన్నాడు, అంతమంది ముందర!"

"ఆయన మాటలకేం అన్నా, ఏది తిన్నా అంతే."

"తింటే గదా! ఏడాదిగా చూస్తాండా. అందరితోపాటు దస్తరఖాను గుడ్డ ముందర కూసుంటాడు, ప్లేటులోది పక్కోడికి తోసేస్తాడు. ముద్ద నోట్లో పెట్టుకోకుండా ఉప్పెక్కువని ఎట్ల తెలుస్తాదమ్మా?"

 ఇంట్లో కూడా ఆయన తినేది ఫాతిమాకు వండిన ఉప్పులేని కూడే. రెండు వంటలు ఎందుకులే అనే బద్ధకమని ఆమె అనుకుంది ఇన్నాళ్లూ. అప్పుడే లోపలికి అడుగుపెట్టిన మొయినుద్దీన్, అలావుద్దీన్‌ను చూసి వెనక్కి తిరగబోయాడు.

"నిలబడు. యాల తినేదిల్లే నువ్వు?" ఫాతిమా నిలదీసింది.

"బాగలేదు గనక."

"అన్నా!"

మొయినుద్దీన్ గుమ్మంలోనే కూలబడ్డాడు. "నా మూలుగ నీలో ఉండాది. ఇన్నేండ్లు నేను తిన్న ఉప్పు, ఊరగాయ అంతా దాంట్లోనే గదా ఉండేది? అదే నీ కిడ్నీల్ని కొట్టింది. ఇప్పుడు కూడా నేను తింటే నీకు తగుల్తాదేమోనని..."

"మరి పెండ్లిళ్లకు పోయేది?"

"పోకపోతే మానేసినానని నీకు తెలిసిపోదా?"

"మందుల వల్లని డాక్టరు చెప్పినాడు గదా!"

"డాక్టర్లు మర్యాదస్తులు. మొహం మింద చెప్తారా?"

"మళ్లీ అడగల్ల!"

"'అవును, నీ వల్లే' అంటే?"

ఫాతిమా నవ్వాలో ఏడవాలో తెలియక క్యారియర్ మూత తీసింది. వాసన ఇల్లంతా కమ్ముకుంది. ఆమె ప్రాణం లాగేసింది. ఆ పాపిష్టి ఖట్టాలో వేలు ముంచి నాకాలనిపించింది. పళ్లు బిగబట్టి, ప్లేటు నింపి అన్న ముందు పెట్టింది.

"నువ్వు తిన్న ఉప్పు నాకు తగుల్తే, రుచి కూడా తగలల్ల గదా? తిను. చూస్తాం."

మొయినుద్దీన్ దిక్కుతోచక అలావుద్దీన్ వైపు చూశాడు. వైద్యంలో ఓనమాలు తెలియని అలావుద్దీన్ పెద్ద డాక్టరులా తలూపి, "న్యాయమే" అన్నాడు.

మొయినుద్దీన్ ఒక ముద్ద నోట్లో పెట్టుకుని చటుక్కున చెల్లెలి పాదాల వైపు చూశాడు. ఇంకో ముద్ద పెట్టుకుని మళ్లీ చూశాడు.

"ఉబ్బినట్లుండాయా?"

"నా కాళ్ల సంగతి నేను చూసుకుంటా. ఎట్లుండాదో చెప్పు."

"మెతుకు మెతుక్కీ నెయ్యి పట్టింది ఫాతిమా. మాంసం ఇట్ల అంటే ఇడిపోతాండాది. ఖట్టా... యా అల్లా! ముందు పులుపు వస్తాది, నాలుక ఝల్లుమంటాది, అంతలో మెల్లగా మిరపకాయ వస్తాది..."

అలావుద్దీన్ మీసం దానంతటదే పైకి లేచింది. ఫాతిమా కళ్లు మూసుకుంది. నాలుక మీదికి ఏమీ రాలేదు, రాదనీ ఆమెకు తెలుసు. అయినా ఎన్నాళ్ల నుంచో తినాలనుకున్నది ఎదురుగా తన అన్న తింటుంటే ఆమెకు హాయిగా ఉంది.

"తగిలిందా?" మొయినుద్దీన్ ఆత్రంగా అడిగాడు.

"పులుపు వచ్చిందన్నా. మిరపకాయ ఇంకా దారిలోనే ఉండాది, ఇంకొంచెం పోసుకో."