సూరత్ కోట గోడలో నాడెల గూడు

సూరత్ నగరమందు గోడాదరా ప్రాంతమున నివసించు సమస్త తెలుగు ప్రజానీకమునకు ఇందుమూలముగా తెలియజేయునది ఏమనగా: ఆదివారం పొద్దున చరిత్ర చూడబోవువారు కొత్త చెప్పులు తొడుగుకొనుట, తిన్న చేతిని పక్కవాడి చొక్కాకు తుడుచుట, కోట ముందర నిలబడి "లిఫ్టు లేదా?" అని అడుగుట నేటి నుండి నిషేధించడమైనది. ఈ మూడు నేరములనూ ఒక్క పూటలో చేసిన మా నర్సయ్య మామకు క్షమాభిక్ష పెట్టడమైనది. నాలుగో నేరం చేసిన ఇంకొకడు మాత్రం పరారీలో ఉన్నాడు. వాడి సంగతి చివర్లో.

ఇక అసలు సంగతి. నేను నడకలకు పోయే మనిషిని కాను. వారమంతా మరమగ్గాల మధ్య, మా భాషలో సాంచెల మధ్య, అటూ ఇటూ తిరిగేవాడికి ఆదివారం మంచమే యాత్రాస్థలం. కానీ మా అమ్మాయి స్రవంతి ఇక్కడే పుట్టి, ఇక్కడే చరిత్రతో డిగ్రీ చేసింది. పాత సూరత్‌లో యుద్ధకాలపు గుర్తుల్ని, సమాధుల్ని జనానికి తిప్పి చూపించే ఒక పెద్దమనిషికి ఆదివారాలు గైడ్ కావాలని తెలిసి ఫోన్ చేసింది. స్పీకర్ పెట్టింది కాబట్టి నేనూ విన్నాను. ఎక్కడుంటావన్నాడు. గోడాదరా అంది. నాన్న ఏం చేస్తాడన్నాడు. లూముల మీద పని అంది. అవతల ఒక నవ్వు. "బేటా, మీరు పొట్టకూటికి వచ్చినవాళ్లు. సూరత్ కథ సూరత్ వాళ్లు చెబితేనే అందం. సరే, ఒకసారి వచ్చి చెప్పి చూపించు."

ఆ నవ్వుకు నా ఒళ్లు మండింది. ఈ ఊరు కట్టే చీరల్లో సగం మా చెవులు పోగొట్టుకుని నేసినవే. ఆ ఊరి కథ చెప్పడానికి మాత్రం మేం పనికిరామా? టికెట్ మనిషికి మూడు వందలు. నాకూ, నా భార్య పద్మకూ, ఆమె మేనమామ నర్సయ్యకూ కొనేశాను. స్రవంతికి విషయం తెలిసి నెత్తి పట్టుకుంది.

"నాన్నా, నువ్వొస్తే నా కొంప మునుగుతది."

"మేం వరంగల్ నుంచి వచ్చిన యాత్రికులం. నువ్వెవరో మాకు తెల్వదు."

"నోరు తెరవద్దు మరి. ఒట్టెయ్."

వేశాను.

ఆదివారం ఆరున్నరకు బయల్దేరాం. గోడాదరా నుంచి షేర్ ఆటోలో స్టేషన్‌కు, అక్కడి నుంచి సిటీ బస్సులో చౌక్‌కు వెళ్లాలి. ముప్పావు గంట పడుతుంది, మనిషికి నలభై రూపాయలు దాటదు. కోటకు పోతున్నామని చెబితే ఆటో అతను అద్దంలో నా ముఖం చూశాడు. "కిలే మే కౌన్‌సా లూమ్ హై, భాయ్?" అన్నాడు. కోటలో ఏ లూముందని పోతున్నావ్ అని. వీడు కూడానా అనుకున్నాను. చౌక్‌లో దిగి లోచో తిన్నాం. ఆవిరి మీద ఉడికిన శనగపిండి మీద నూనె, సేవ్ అనే సన్న కారప్పూస చల్లి ఇస్తారు. వేడిగా ఉంటే స్వర్గం, చల్లారితే గోడలకు పూసుకోవచ్చు.

కోట తాపీ నది ఒడ్డున, చౌక్‌కు ఆనుకునే ఉంది. సముద్రం మీది నుంచి వచ్చి ఊరు కాల్చిపోయే పోర్చుగీసువాళ్లను ఆపడానికి పదహారో శతాబ్దంలో కట్టారు. బాగుచేసి లోపల మ్యూజియం పెట్టారు. సోమవారం సెలవంటారు, ఆ రోజు పెట్టుకోకండి, ముందు కనుక్కొని వెళ్లండి. అన్నిటికంటే ముఖ్యంగా, లోపలి గోడ అడుగున మోకాలి ఎత్తులో ఉండే చిన్న గూడును చూడకుండా రాకండి. అంతకు ముందు వారం దారి చూసుకుందామని ఒక్కడినే వచ్చినప్పుడు బయట చాయ్ అమ్మే ఒక ముసలాయన దాని కథ చెప్పాడు. శత్రువులు ఊరి మీద పడ్డారని తెలిస్తే నేతవాళ్లు ఇంట్లో సామాను వదిలేసి, నాడెలు మాత్రం పట్టుకుని పరుగెత్తుకొచ్చి ఆ గూట్లో దాచేవారట. నాడె అంటే మగ్గం మీద అటూ ఇటూ పోతూ అడ్డపోగు వేసేది. అది పోతే నేతగాడికి చేతులు పోయినట్టే.

గేటు దగ్గర పెద్దమనిషి కనిపించాడు. తెల్ల లాల్చీ, గడ్డి టోపీ. నేను వెంటనే టోపీ దొర అని పేరు పెట్టేశాను. మాతో కలిపి పది మంది దాకా ఉన్నాం. స్రవంతి మొదలుపెట్టింది. హిందీలో చెబుతుంది, మధ్యలో ముసలి గుజరాతీ దంపతులకు గుజరాతీలో. నా బిడ్డని కాదు గానీ, ఆ ఫిరంగులు ఇప్పుడే చల్లారినట్టు చెప్పింది. నర్సయ్య మామకు ముప్పై ఏళ్ల సాంచెల చప్పుడుకు చెవులు పోయాయి. తనకు వినబడదు కాబట్టి ఎవరికీ వినబడదని ఆయన నమ్మకం.

"ఏందట? ఓడలా? ఏడికెళ్లి అచ్చినయట?" అని కోటంతా దద్దరిల్లేలా అరిచాడు.

"జర మెల్లగ, మామా!" అంది పద్మ.

స్రవంతి ఆగింది. నోరు మూసి, చేతులతో చెప్పడం మొదలుపెట్టింది. కార్ఖానాలో మాట వినబడదు కాబట్టి మేమంతా పెదవులతో, వేళ్లతోనే మాట్లాడుకుంటాం. పోగు తెగిందన్నా, సేటు వస్తున్నాడన్నా సైగే. చిన్నప్పుడు నాకు టిఫిన్ తెచ్చిస్తూ నేర్చుకుంది. ఒక అరచెయ్యి ఓడ, ఇంకో అరచెయ్యి గోడ, వేళ్లు నిప్పు. మామ ముఖం వెలిగిపోయింది. టోపీ దొర మాత్రం, "ఇక్కడ నాట్యం చేయమని పిలవలేదు," అన్నాడు.

మామ ఊరుకోలేదు. "ఊరిని దోసుకున్నప్పుడు నేతోళ్ల ఇండ్లల్ల ఏం వొయింది బిడ్డా?"

స్రవంతి ఆలోచించింది. "పెద్ద వ్యాపారుల ఇళ్లలో పోయిందే రాసిపెట్టిండ్రు తాతా. నేతోళ్ల సంగతి నాకు దొరకలే. తెల్వదు." అదే హిందీలో అందరికీ చెప్పింది.

టోపీ దొర నవ్వాడు. ఫోన్‌లో నవ్విన నవ్వే. "గైడ్ ఎప్పుడూ 'తెలియదు' అనకూడదు బేటా. అయినా వాళ్ల ఇళ్లలో పోవడానికి ఏముంటుంది?"

ఒట్టు గాలికి పోయింది. నేను ముందుకు నడిచి, గోడ అడుగున గూడు చూపించి, నాడెల కథ మొత్తం హిందీలో చెప్పాను. టోపీ దొర ఒక్క క్షణం గూడు వైపు చూశాడు. "అవునవును, చాలా ప్రసిద్ధమైన కథ. నేనే చెబుదామనుకుంటున్నా," అన్నాడు.

"నేను చదివినదాంట్లో ఇది ఎక్కడా లేదు సార్," అంది స్రవంతి. తర్వాత నా వైపు తిరిగి, పళ్ల బిగువున, "అంకుల్, ఇది మీకెవరు చెప్పారు?" అంది.

"బయట చాయ్ ముసలాయన."

"కనుక్కుంటాను. అప్పటిదాకా నిజమని చెప్పలేను."

నర్సయ్య మామకు పద్మ సైగలతో కథంతా చెప్పింది. ఆయన చప్పుడు చేయకుండా గోడ దగ్గర కూర్చుని, గూట్లోకి మోచెయ్యి దాకా చెయ్యి పెట్టాడు. చాలాసేపు తీయలేదు. "నాడె దాసిండంటే, రేపు మల్ల నేద్దామనే గద అల్లుడా," అన్నాడు. ఆ ఒక్క మాట మెల్లగా అన్నాడు.

అక్కడి నుంచి కతార్‌గామ్ వైపు నడక. రెండు మూడు కిలోమీటర్లు ఉంటుంది, నీళ్లు పట్టుకోండి. దారిలో లాల్ దర్వాజా దగ్గర స్రవంతి అందర్నీ ఆపింది. "దర్వాజా ఏదని వెతకకండి, లేదు. యుద్ధాల కోసం ఊరి చుట్టూ కట్టిన గోడ పోయింది, ద్వారం పోయింది. వాటికి మిగిలిన స్మారకం ఈ బస్టాపు పేరే." నలుగురూ చప్పట్లు కొట్టారు. టోపీ దొర గడియారం చూసుకున్నాడు.

చివరికి ఇంగ్లీషు, డచ్చి వర్తకుల సమాధులు. అంతస్తులు, గుమ్మటాలు, స్తంభాలు. బతికుండగా సరుకు కోసం పోటీ, చచ్చాక గుమ్మటం కోసం పోటీ. మామ తల పైకెత్తి, "మా సేటు బంగ్ల లెక్కనే ఉన్నది, కిరాయికి ఇస్తరా?" అన్నాడు. అందరూ నవ్వారు. గుడ్డ కొన్నవాడికి ఇంత గుమ్మటం. ఆ గుడ్డ నేసినవాడికి ఊళ్లో ఒక్క రాయి లేదు.

ఆ నీడలోనే టోపీ దొర తీర్పు చెప్పాడు. "భాష బాగుంది బేటా, కానీ లోతు లేదు. ఒక టూరిస్టుకు తెలిసిన నాడెల కథ నీకు తెలియలేదు. ఈ పని నీకు కుదరదు."

పద్మ తట్టుకోలేకపోయింది. "వో మేరీ బేటీ హై!" అని, అది నా బిడ్డ అని, అతని మీదికి వెళ్లింది. నా వైపు తిరిగి, "ఏందయ్యా బెల్లం కొట్టిన రాయి లెక్క నిలవడ్డవ్? జెప్పు!" అంది.

చెబుదామని నోరు తెరిచాను. పక్కన నర్సయ్య మామ నిలబడి ఉన్నాడు. గూట్లో పెట్టిన చేతికి దుమ్ము అలాగే ఉంది. నీళ్ల కుళాయి ఎదురుగానే ఉన్నా కడుక్కోలేదు. నోరు మూసుకున్నాను.

ఇది జరిగి చాలా వారాలైంది. టోపీ దొర ఇప్పుడు ప్రతి ఆదివారం జనాన్ని గూడు దగ్గర నిలబెట్టి నాడెల కథ చెబుతున్నాడట, కన్నీళ్లు కూడా పెట్టిస్తున్నాడట. స్రవంతి మా గల్లీ వాళ్లను వెంటేసుకుని ఉత్తినే తిప్పుతోంది. గూడు దగ్గరికి వచ్చేసరికి, "దీని సంగతి ఇంకా తేలలేదు," అంటుంది. చాయ్ ముసలాయన కోసం చౌక్‌లో బండి బండికీ వెళ్లి అడుగుతోంది. ఈ లోకం మీద నా కోపమంతా ఇక్కడే ఉంది. తెలియనిదాన్ని తెలుసన్నవాడి నెత్తి మీద టోపీ అలాగే ఉంది. తెలియనిదాన్ని తెలియదన్న పిల్ల ఎండలో తిరుగుతోంది. నేతవాళ్ల ఇళ్లలో ఏం పోయిందో ఎవడైనా ఒక్క ముక్క రాసి ఉంటే, నాలాంటివాడు నోరు తెరవాల్సిన పని ఉండేది కాదు.

వెళ్లేవాళ్లకు ఒకటే సలహా: గైడ్‌ను డబ్బు ఇవ్వకముందే ఏదో ఒకటి అడగండి, "తెలియదు" అనగలిగితేనే వెంట నడవండి. స్రవంతీ, ఇక వెతకడం ఆపు తల్లీ. చాయ్ ముసలాయన లేడు. ఆ గూడు వాన నీళ్లు పోవడానికి పెట్టిన కన్నం, అందులో నాడెలు నా నోటితో నేను పెట్టినవి. నాలుగో నేరం చేసి పరారీలో ఉన్నవాడిని నేనే. నర్సయ్య మామకు చదువు రాదు. దయచేసి ఇది ఎవరూ ఆయనకు చదివి వినిపించకండి, చేతులతో అసలే చెప్పకండి.