కోటిపల్లిలో ఆగిపోయిన రైలు

మా అత్తగారి పుట్టిల్లు గోదావరికి అవతల, ద్రాక్షారామం పక్కనున్న చిన్న పల్లె. మెట్టినిల్లు ఇవతల, ముక్తేశ్వరం దగ్గర కొబ్బరితోటల్లో. మధ్యలో గౌతమి పాయ. ఇప్పుడైతే మనుషుల్నీ బళ్ళనీ దాటించే పంటు ఎక్కి, పక్కనున్నవాళ్ళతో నాలుగు కబుర్లు చెప్పుకునేలోపే కోటిపల్లి రేవు వచ్చేస్తుంది. ఆవిడ కాపరానికి వచ్చిన కొత్తలో మాత్రం అన్నీ పడవలే. ఒక వర్షాకాలంలో వాళ్ళమ్మకి బాగాలేదని కబురు వచ్చింది. ఆ కబురు తెచ్చిన పడవే ఆఖరిది. వరద పెరిగిపోయింది, పడవలన్నీ కట్టేశారు. అత్తగారు చంకలో పసిపిల్లాడితో రేవులో కూర్చుని, ఎవరైనా దాటిస్తారేమోనని వచ్చిన ప్రతి పడవవాడినీ బతిమాలారు. ఎవరూ సాహసం చెయ్యలేదు. వరద తీసి ఆవిడ అవతలికి వెళ్ళేసరికి అన్నీ అయిపోయాయి. పదోరోజు కూడా వెళ్ళిపోయింది.

ఆ చంకలో పిల్లాడే నా భర్త. ఈ సంగతి ఆవిడ నాకు ఒకే ఒక్కసారి చెప్పారు, పెరట్లో కూర్చుని గోంగూర ఒలుస్తూ. చెప్పి, "అదమ్మా, ఏరు అడ్డం వచ్చేసింది" అని మళ్ళీ ఆకు తుంచడంలో పడిపోయారు. కళ్ళల్లో తడి కూడా లేదు. నేను గోంగూర కట్ట ఇంకోటి విప్పాను.

రైలు లైను కోసం కొలతలు వేసేవాళ్ళు మా తోటలోకి వచ్చినప్పుడు మా ఇంట్లో సంతోషించిన మనిషి ఆవిడొక్కరే. కోటిపల్లిలో ఆగిపోతున్న రైలుని గోదావరి దాటించి, అమలాపురం, రాజోలు మీదుగా నరసాపురం దాకా తీసుకుపోతారని చెప్పారు. కోనసీమకి రైలు వస్తుందన్న మాట నేను పుట్టకముందు నుంచీ ఉన్నదే. ఎన్నికలప్పుడు వినపడేది, తర్వాత అణిగిపోయేది. ఈసారి నిజంగానే రాళ్ళు పాతారు. ఒక రాయి మా పెరట్లో, ఇంకో రాయి వీధరుగుకి ఎదురుగా. మా ఇల్లు సరిగ్గా దారిలో ఉంది.

మామగారు అప్పటికే పోయారు. మా ఆయనది కొబ్బరికాయల వ్యాపారం. తోటలు తిరిగి కాయ కొని, ఒలిపించి లారీలకెత్తించేవారు. ఆ రాళ్ళు చూసిన రోజున ఆయన అన్నం ముట్టలేదు. మా వరసలో ఉన్న నాలుగైదు ఇళ్ళవాళ్ళూ వచ్చి మా అరుగు మీద కూర్చుని, ఒప్పుకోకూడదనుకున్నారు. అక్కడే ఉన్న కొలతలు వేసినాయనకి అత్తగారు మజ్జిగ ఇచ్చి, ఆ మాటల మధ్యలోనే అడిగారు.

"రైలు ఎటు నుంచి వెళ్తాదండి?"

"మీ వంటింటి మీంచే వెళ్తాదండి మామ్మగారూ" అన్నాడాయన, కాస్త సిగ్గుపడుతూనే.

అత్తగారు నవ్వారు. "అయితే పొయ్యి దగ్గర ఎక్కి పుట్టింట్లో దిగొచ్చన్నమాట."

మా ఆయనకి ఒళ్ళు మండింది. "నవ్వుతావేంటమ్మా? ఇల్లు పోతాది."

"పోనీరా నాన్నా. ఏరు దాటలేక ఏడ్చినోళ్ళు ఈ గట్టున నేనొక్కదాన్నేనా? ఇల్లంటే ఇంకోచోట కట్టుకుంటాం. ఏటి మీద బ్రిడ్జి మనం కట్టుకోగలమా?"

మా వరసలో మొట్టమొదట ఒప్పుకున్నది ఆవిడే. ఆవిడ ఒప్పుకున్నాక మిగతావాళ్ళూ ఒక్కొక్కరే ఒప్పుకున్నారు.

పెంకులు దింపుకున్నాం, తలుపులు, దూలాలు విప్పుకున్నాం. గోడలు మాత్రం మిషను వచ్చి పడగొట్టింది. అత్తగారు పనసచెట్టు నీడలో నిలబడి అంతా చూశారు. హాలు గోడ పడింది, గది గోడ పడింది. ఆఖర్న వంటింటి గోడ. పొగ చూరి నల్లగా మెరిసే గోడ అది, ఆవిడ వచ్చినప్పటి నుంచీ ఆ మెరుపు ఎక్కుతూనే ఉంది. అది కూలినప్పుడు ఆవిడ పెదవులు కదిలాయి. ఏమన్నారో మిషను చప్పుడులో నాకు వినపడలేదు. తర్వాత కొంగు నెత్తిన వేసుకుని, "పదండర్రా, ఎండెక్కింది" అన్నారు.

రోడ్డు పక్కన స్లాబు ఇల్లు కట్టుకున్నాం. టైల్సు వేయించాం. ఆవిడకి ఇంట్లోకే కుళాయి రావడం బాగా నచ్చింది. కోటిపల్లి వెళ్ళినప్పుడల్లా పంటులో అంచున నిలబడి ఏట్లో లేస్తున్న స్తంభాల్ని చూసేవారు. వెళ్ళిన ప్రతిసారీ ఒకటో రెండో కొత్తవి కనపడేవి. పక్కన ఎవరుంటే వాళ్ళతో, "ఈ రైలు మా ఇంటి మీంచే వెళ్తాదండి" అనేవారు, పెళ్ళి కుదిరిన మనవరాలి గురించి చెప్పినట్టు. కొందరు నవ్వి ఊరుకునేవారు, కొందరు అయ్యో పాపం అనేవారు. ఆ అయ్యో అనడం ఆవిడకి అర్థమయ్యేది కాదు.

మా పాత స్థలంలో లారీల మీద ఎర్రమట్టి తెచ్చి కట్ట పోశారు. పనసచెట్టు పోయింది, నుయ్యి పూడిపోయింది. ఎక్కడ వీధి గుమ్మమో ఎక్కడ పెరడో తెలియకుండా మనిషికి రెండింతల ఎత్తు మట్టి లేచింది. తర్వాత వర్షాకాలానికి పని ఆగింది. వర్షాలు తగ్గాక మొదలవుతుందన్నారు. ఎందుకు మొదలవలేదో ఒకరు ఒకలా చెప్పేవారు, ఇంకొకరు ఇంకోలా. కట్ట మీద జిల్లేడు మొలిచింది, తర్వాత తుమ్మలు. ఏట్లో స్తంభాలు అలాగే నిలబడ్డాయి.

అత్తగారికి మరుపు వచ్చింది కూడా ఆ రోజుల్లోనే. మొదట పప్పులో ఉప్పు రెండుసార్లు వేశారు. తర్వాత నన్ను వదినా అని పిలిచారు. వయసు మీద పడింది కదా అనుకున్నాం. ఒక పొద్దున్న చూస్తే మంచం మీద లేరు, పెరట్లో లేరు. మా ఆయన రేవు వైపు పరిగెత్తారు. నేను ఎందుకో పాత ఇంటి వైపు వెళ్ళాను. కట్ట మీద, తుమ్మల మధ్య చతికిలబడి కూర్చున్నారు. ఒళ్ళో మా ఫ్రిజ్‌లోంచి తీసుకెళ్ళిన వంకాయలు.

"పొయ్యెక్కడ పెట్టేవమ్మా? కనపట్టంలేదు" అన్నారు నన్ను చూసి.

ఆ తర్వాత అది మామూలైపోయింది. తలుపు గడియ పెడితే గడియ దగ్గర నిలబడి ఏడ్చేవారు. అందుకని పెట్టడం మానేశాం. కట్టకి అవతల మా పాత వరసలోని ఒకావిడ పాక వేసుకుని ఉండేది. ఆవిడ ఫోను చేసి, "మీ అత్తగారు వచ్చేరండి" అనేది, చుట్టపుచూపుగా ఎవరో వచ్చారన్నట్టు. వెళ్ళి తీసుకొచ్చేవాళ్ళం.

మా ఆయన వెళితే పేచీ అయ్యేది. "అమ్మా, మనిల్లు ఇది కాదే, ఇల్లు తీసేసేరు" అని ఆయన నిజం చెప్పేవారు. ఆ నిజం ఆవిడ ప్రతిసారీ కొత్తగా వినేవారు. ఒకసారి "నువ్వెవరివి బాబూ, నా ఇంటికొచ్చి ఇల్లు లేదంటావు?" అన్నారట. ఆయన ఇంటికి వచ్చి, ఒలిచిన కాయల గుట్ట వెనక్కి వెళ్ళి చాలాసేపు కూర్చున్నారు. అప్పటి నుంచి నేనే వెళ్ళేదాన్ని. పక్కన కాసేపు కూర్చుని, ఆవిడ చెప్పే కూరల సంగతి విని, "వంట అయిపోయిందండి అత్తయ్యగారూ, భోజనానికి రండి" అంటే, చెయ్యి నా భుజం మీద వేసి లేచేవారు.

కాకినాడలో పెద్ద డాక్టరుకి చూపించమన్నారు. పంటులో దాటి, కోటిపల్లిలో రైలుబస్సు ఎక్కాం. ఒకటే పెట్టె. బస్సులాగే ఉంటుంది, పట్టాల మీద నడుస్తుంది. గేటు వచ్చిన చోటల్లా ఆగేది. లోపలి నుంచే ఒకాయన దిగి గేటు వేసి, బండి దాటాక మళ్ళీ తీసి ఎక్కేవాడు. జనం కూడా పెద్దగా లేరు. అత్తగారు కిటికీ దగ్గర కూర్చుని వరిచేలు చూస్తూ, దారిలో ఏ ఊరు వస్తే ఆ ఊళ్ళో తనకి తెలిసినవాళ్ళ గురించి చెప్పారు. అవన్నీ తన చిన్ననాటివి, ఒక్కటీ తప్పు పోలేదు. ద్రాక్షారామం దగ్గర మాత్రం బయటికే చూస్తూ ఉండిపోయారు.

డాక్టరు మందులు రాసి, ఈ మరుపు తగ్గేది కాదని మా ఇద్దరికీ విడిగా చెప్పాడు. సాయంత్రం బండికి తిరిగి బయల్దేరాం. కోటిపల్లిలో రైలు ఆగింది. అందరూ దిగారు. అత్తగారు లేవలేదు.

"దిగండి అత్తయ్యగారూ, వచ్చేశాం."

"ఇది కోటిపల్లి కదమ్మా. మనది ఏరు దాటాక వస్తాది."

మా ఆయన చెయ్యి పట్టుకోబోయారు. ఆవిడ కిటికీ ఊచ గట్టిగా పట్టుకున్నారు. "వంటింటి దగ్గర దిగుతాను. నువ్వు దిగిపో నాన్నా, నీకు పనుంటే" అన్నారు. కొడుకుని గుర్తుపట్టి అన్నారో, ఎవరనుకుని అన్నారో తెలియదు. ఆయన ముఖం తిప్పేసుకున్నారు.

మేం ఎంతకీ దిగకపోయేసరికి బండి నడిపే ఆయన లోపలికి వచ్చాడు. నడివయసు మనిషి. విసుక్కుంటాడేమో అనుకున్నాను. నేను రెండు మాటల్లో సంగతి చెప్పాను. ఆయన అత్తగారికి ఎదురుగా సీట్లో కూర్చున్నాడు.

"మామ్మగారూ, బండి ఇక్కడి దాకానేనండి. ఏటి మీద పట్టాలు ఇంకా వెయ్యలేదండి."

"స్తంభాలు వేసేరు కదండీ. నేను చూసేను."

"ఆయ్, వేసేరండి. వాటి మీద ఇంకా వెయ్యాలండి."

అత్తగారు ఆయన వైపు చాలాసేపు చూశారు. ఆ చూపులో ఎప్పటి మసకా లేదు. మాకు ఇల్లు నడిపిన మనిషి చూపు అది. ఆ చూపు మేం చూసి చాన్నాళ్ళయింది.

"మరి మా ఇల్లెందుకు తీసేరండి?" అన్నారు.

కోపంగా అడగలేదు. తెలియని దారి అడిగినట్టు అడిగారు. బండి నడిపే ఆయన తలవంచుకుని, టోపీ తీసి ఒళ్ళో పెట్టుకున్నాడు. నేను మా ఆయన వైపు చూశాను. ఆయన కిటికీలోంచి, పట్టాలు ఆగిపోయిన చోట మొలిచిన గడ్డి వైపు చూస్తున్నారు.

కాసేపటికి అత్తగారే ఊచ వదిలేశారు. "మీరేం చేస్తారులెండి" అని బండి నడిపే ఆయనతో అని, లేచారు. ఆయన ముందు దిగి, ఆవిడ చెయ్యి పట్టుకుని మెట్టు మెట్టూ దింపాడు. రేవు దాకా ఆటో కూడా ఆయనే పిలిచాడు.

పంటు స్తంభాలకి దగ్గరగా వెళ్తున్నప్పుడు అత్తగారు ఏడ్చారు. గొంతు రాలేదు, కన్నీళ్ళు మాత్రం కారుతూనే ఉన్నాయి. ఇల్లు కూలిన రోజున ఏడవలేదు. వాళ్ళమ్మ సంగతి నాకు చెప్పినప్పుడు ఏడవలేదు. నేను కొంగుతో తుడుస్తుంటే తుడిపించుకున్నారు. పంటులో ఎవరితోనూ రైలు గురించి చెప్పలేదు. అవతలి గట్టు దిగేసరికి నన్ను మళ్ళీ వదినా అన్నారు.

ఆ తర్వాత ఆవిడ కట్ట మీదకి వెళ్ళడం తగ్గించారు. కొన్నాళ్ళకి పూర్తిగా మానేశారు. తలుపు బార్లా తీసి ఉన్నా మంచం దిగేవారు కాదు. మాకు పని తగ్గింది. సంతోషించాలి. కానీ ఆ కట్ట అవతలావిడ ఫోను చేసి, "ఏంటండీ, మీ అత్తగారు ఈమధ్య రాటంలేదు?" అని అడిగిన రోజున నేను ఫోను పెట్టేసి ఏడ్చాను. ఏదో ఒక ఇల్లు ఉందని నమ్మినంతకాలం ఆవిడ కాళ్ళకి నడిచే సత్తువ ఉండేది. ఏ ఇల్లూ లేదని తెలిశాక ఎక్కడికి నడుస్తారు?

కరోనా వచ్చింది. రైలుబస్సు ఆగింది. మందులు అమలాపురం నుంచి తెప్పించేవాళ్ళం. ఆవిడకి అన్నం తినడం కూడా మరుపొచ్చింది, నోట్లో పెట్టి నమలమని చెప్పాల్సొచ్చేది. చలికాలంలో ఒక మధ్యాహ్నం నేను జావ తాగిస్తుండగా, రెండు గుక్కలు మింగి మూడోది మింగలేదు. నిద్రపోయారనుకుని మూతి తుడిచాను. మా ఆయన కాయల లోడు ఎత్తిస్తున్నారు. వెళ్ళి పిలిచాను. ఆయన చేతులకి పీచు అలాగే ఉంది, ఆ చేతులతోనే వచ్చి వాళ్ళమ్మ పాదాలు పట్టుకున్నారు.

ఇదంతా జరిగి కొన్నేళ్ళయింది. మొన్న వేసవిలో కట్ట మీదకి మళ్ళీ మిషన్లు వచ్చాయి. తుమ్మలన్నీ పీకేసి, వర్షాలకి జారిన చోట కొత్త మట్టి పోస్తున్నారు. మా ఆయన అటు నుంచి వచ్చి, చెప్పులు విడిచి, అరుగు మీద కూర్చున్నారు. నేను మంచినీళ్ళు ఇచ్చాను.

"మళ్ళీ మొదలెట్టేరు" అన్నారు.

"ఈసారి పూర్తి చేస్తారంటారా?"

"చేస్తారనే అంటన్నారు." నీళ్ళు తాగి, గ్లాసు పక్కన పెట్టారు. "రైలొస్తే నువ్వు ఎక్కుతావా?"

ఆలోచించాను. మా అమ్మాయి కాకినాడలో కాలేజీలో ఉంది. వరదలొచ్చి పంటు ఆగినప్పుడల్లా చుట్టూ తిరిగి రావాల్సి వస్తోంది. రైలు కావాలి. అది నాకు తెలుసు, ఆయనకీ తెలుసు.

"ఎక్కుతానండి" అన్నాను.

"ఎక్కు. పిల్లనీ ఎక్కించు. నేను మాత్రం ఎక్కను" అన్నారు, మామూలు గొంతుతోనే. తర్వాత లేచి, కాయలు ఒలిచేవాళ్ళు పిలుస్తుంటే దొడ్లోకి వెళ్ళిపోయారు.