అక్క ముందే రాసిన సాక్ష్యం

మా అక్క నోట్లో నాలుక లేని మనిషని మా సంఘంలో అందరూ అనేవారు. అసలు సంగతి ఇంట్లోవాళ్లకే తెలుసు. ఒక మాట అనుకుందంటే ఇక దాని మీదే కూర్చుంటుంది. నర్సు చదువు అయ్యాక వచ్చిన రెండు సంబంధాలనూ అలాగే కూర్చుని తిప్పికొట్టింది. ముప్ఫై నాలుగో ఏట, పరాయి దేశంలో ఒక మిషను ఆసుపత్రికి నర్సు కావాలని కబురొస్తే, అమ్మతో మాట మాత్రమైనా అనకుండా పేరిచ్చేసింది. అమ్మ మూడు రోజులు మాట్లాడలేదు. నాలుగో రోజు తిట్టుకుంటూ తనే పెట్టె సర్దింది.

మా సంఘం చిన్నది. మాలో ఒకరు సేవ కోసం దేశం దాటడం అదే మొదలు కాబట్టి అక్కను నెత్తిన పెట్టుకున్నారు. తను నెలకో ఉత్తరం రాయాలి, ఆదివారం ఆరాధన అయ్యాక దాన్ని అందరి ముందూ చదవాలి. చదివే పని నాది. ముందు వరసలో మైకు మావయ్య కూర్చునేవాడు. సంఘ పెద్ద. ఆయనకు మైకు అక్కర్లేదు కాబట్టి ఆ పేరు. ఆయన ‘ఆమెన్’ అంటే కిటికీ అద్దాలు అదిరేవి.

పాపం, అక్క ఉత్తరాల్లో ఆమెన్ అనడానికి ఏమీ ఉండేది కాదు. మగవాళ్ల వార్డులో ఇరవై మంచాలున్నాయి, భాష ఇంకా పట్టుబడలేదు, కట్లు కట్టే గుడ్డ నిన్నటితో అయిపోయింది, ఇవీ ఆమె రాసే వార్తలు. మావయ్య ముఖం వేలాడేసేవాడు. ఒక ఆదివారం నన్ను పక్కకు పిలిచాడు.

“అమ్మాయ్, గుడ్డలూ మంచాలూ మనకెందుకే? దేవుడు అక్కడ ఏం చేస్తున్నాడో రాయమని మీ అక్కకు చెప్పు.”

బుద్ధి లేక ఆ మాట ఉన్నదున్నట్టు అక్కకు రాశాను.

అప్పటికి తన పరిస్థితి ఎలా ఉందో చాలాకాలం తర్వాత, సెలవు మీద వచ్చినప్పుడు, నాతో కలిసి బట్టలు మడతపెడుతూ చెప్పింది. పొద్దున్న ఏడింటికి వార్డు మధ్యలో నిలబడి ప్రార్థన చెయ్యడం ఆమె బాధ్యత. వాళ్ల భాషలో బట్టీ పట్టిన పన్నెండు వాక్యాలు. రోగులు మర్యాదకు కళ్లు మూసుకునేవారు, కొందరు నిజంగానే నిద్రపోయేవారు. రెండేళ్లు అలా గడిచాక, తన మాటలు సీలింగు ఫ్యాను దాకా కూడా పోవడం లేదనిపించిందట. “ఒక్కసారి, నా కంటికి కనిపించేలా ఏదైనా చెయ్యి” అని అడుగుతూ ఉండేదట. ఎవరితోనైనా చెప్పుకుందామంటే, చెప్పుకోవాల్సింది మాకే. మేమేమో ఇక్కడ అద్దాలు అదరగొట్టుకుంటూ కూర్చున్నాం.

అప్పుడొచ్చాడు ఆ వార్డులోకి చెప్పులు కుట్టే ఆయన. షుగరు జబ్బు. తోలుకు చిల్లులు పొడిచే ఆరె జారి బొటనవేలికి గుచ్చుకుంది. పట్టించుకోలేదు. వచ్చేసరికి వేలు నల్లబడింది, పాదం వాచింది, ఎరుపు పిక్క వైపు పాకుతోంది. మనిషి మాత్రం హుషారు. మొదటి రోజే అక్క చెప్పుల వంక చూసి, “ఎడమ మడమ అరిగింది సిస్టరమ్మా, బరువంతా ఒకే పక్క వేస్తున్నారు” అన్నాడు. ప్రార్థనప్పుడు కళ్లు మూసేవాడు కాడు. అదేమని అడిగితే, “మీరు మూసుకుంటారు కదా, ఎవరో ఒకరు కాపలా ఉండొద్దూ?” అన్నాడు. ఆ వార్డులో అక్కను నవ్వించింది ఆయనొక్కడే.

డాక్టరు పెన్నుతో ఎరుపు అంచు వెంట పిక్క చుట్టూ గీత గీశాడు. ఇప్పుడే మోకాలి కింద తీసేస్తే మనిషి మిగులుతాడని, గీత దాటాక తన చేతిలో ఏమీ ఉండదని చెప్పాడు. చెప్పులాయన గోడ వైపు తిరిగి పడుకున్నాడు. భార్య మంచం కోడు పట్టుకుని నిలబడిపోయింది. “మీ మాటయితే వింటాడు సిస్టర్, ఎలాగైనా ఒప్పించండి” అని డాక్టరు అక్కకు అప్పగించి వెళ్లాడు.

“చెప్పు కుట్టాలంటే రెండు పాదాల మధ్య బిగించి పట్టుకోవాలి” అన్నాడు ఆయన అక్కతో. “ఒక్క పాదంతో దేన్ని పట్టుకోను? మీరు రోజూ మాట్లాడతారు కదా మీ దేవుడితో. అడిగి రండి. తీయించుకోమంటే తీయించుకుంటా.”

అక్క దుప్పట్ల గదిలోకి వెళ్లి తలుపేసుకుంది. మోకాళ్ల మీద అరగంట ఉంది. ఏ జవాబూ రాలేదు. బయటికొచ్చి, “మూడు రోజులు ఆగమన్నాడు. బాగుచేస్తాడు” అని చెప్పింది.

మూడో రోజు తెల్లారి కట్టు విప్పితే ఎరుపు గీతకు వేలెడు కిందికి తగ్గినట్టు కనిపించింది. అక్క అక్కడే నిలబడి ఏడ్చేసింది. ఆ మధ్యాహ్నమే మాకు ఉత్తరం రాసింది. తగ్గుతోందని రాయలేదు. కాలు బాగయిందని రాసింది. నమ్మినదాన్ని జరిగిపోయినట్టే చెప్పాలని చిన్నప్పటి నుంచీ మాకు నేర్పారు. జరగకముందే సాక్ష్యం చెబితే అది ఇంకా గొప్ప విశ్వాసమనుకునేవాళ్లం.

అది అందిన ఆదివారం మా సంఘంలో జరిగిన సంబరం చెప్పలేను. ఉత్తరం సగంలో ఉండగానే మావయ్య లేచి నిలబడ్డాడు. ముసలమ్మలు ఏడ్చారు. కృతజ్ఞత చెబుతూ జవాబు రాసింది నేనే. అందరూ వరసగా సంతకాలు పెట్టారు, సంతకం రానివాళ్లు వేలిముద్ర వేశారు.

మేం పాటలు పాడుకునేసరికే అక్కడ అంతా అయిపోయింది. అక్క ఉత్తరం పోస్టు చేసిన మర్నాడే జ్వరం మంటలా లేచి, సాయంత్రానికి ఎరుపు గీత దాటి మోకాలెక్కింది. “తీసేయండి” అని ఆయనే అడిగాడు. తీశారు. రెండు రోజులు బతికాడు. మా జవాబు ఆ తర్వాత చేరింది. కట్లు కట్టే బండి పక్కన నిలబడి, అక్క ఆ సంతకాలన్నీ ఒక్కొక్కటీ చదివింది.

మర్నాడు ఏడింటికి వార్డు మధ్యలో నిలబడింది కానీ ప్రార్థన మొదలుపెట్టలేదు. రోగులు ఒక్కొక్కరే కళ్లు తెరిచి చూశారు. “మందులు ఇస్తాను” అని తప్పుకుంది. నెల రోజులు అదే వరస. తిండి సయించలేదు. పైకి చూసి అడగడానికి ముఖం చెల్లలేదు, ఇంటికి రావడానికీ చెల్లలేదు. “మందుల బీరువా తాళాలు నా నడుముకే ఉండేవే” అంది నాతో. మడతపెడుతున్న దుప్పటి నా చేతిలో అలాగే ఉండిపోయింది. “ఎందుకు బతికున్నానో కూడా తెలిసేది కాదు. పొద్దున్న కట్లు మార్చాల్సినవాళ్లు ఉండేవారు కాబట్టి లేచేదాన్ని.”

చివరికి ఒక మధ్యాహ్నం ఆయన కొట్టుకు వెళ్లింది. చిన్న రేకుల కొట్టు. ఆయన కూర్చునే చోట భార్య కూర్చుని, ఎవరిదో బూటు పాదాల మధ్య బిగించి కుడుతోంది. అక్క నిలబడే అంతా చెప్పింది.

ఆమె దారం తెంపి తలెత్తింది. “ఆగమన్నది మీ దేవుడా, మీరా?”

“నేనే.”

“మరి ఆయన పేరెందుకు చెప్పారు?”

“నాకేమీ వినపడలేదు. వినపడలేదని చెప్పడానికి భయమేసింది.”

“ఆ ముక్క చెప్పుంటే మా ఆయన నవ్వేవాడు. నవ్వి, కాలు తీయించుకునేవాడు” అంది ఆమె. మళ్లీ సూది పట్టుకుంది.

అక్క ఇదంతా మాకు రాసింది. శనివారం నాడు మావయ్యకు చూపించాను. చదివి, కళ్లజోడు తీసి, “ఇది చదవకమ్మా. సంఘం చెదిరిపోతుంది” అన్నాడు. నాకు ఒళ్లు మండిపోయింది. బాగయిందన్నది చదివించినవాళ్లు, చచ్చిపోయాడన్నది వినొద్దా? ఆదివారం ఒక్క అక్షరం వదలకుండా చదివాను. ఎవరూ ఆమెన్ అనలేదు. చివర అక్క ఇలా రాసింది: ‘ఆమె కోసం ప్రార్థన చెయ్యమని రాయబోయి ఆగాను. ఆమెను అడగలేదు. ఈసారి అడిగాకే రాస్తాను.’

తర్వాతి నెల ఉత్తరం అర పేజీ కూడా లేదు. ‘అడిగాను. వద్దంది. నేను ఇక్కడే ఉంటున్నాను. ఏడింటికి మళ్లీ నిలబడుతున్నాను. నాకేమీ వినపడటం లేదు అని మొదలుపెడుతున్నాను. ప్రస్తుతానికి అబద్ధం లేకుండా అంతవరకే చెప్పగలను.’

చదివి కాగితం మడిచాను. మావయ్య అలవాటు కొద్దీ లేచి, చేతులెత్తి, నోరు తెరిచాడు. ఏం గుర్తొచ్చిందో, చేతులు దించేసి కూర్చున్నాడు. వెనక వరసలో ఎవరో దగ్గారు. అప్పుడు మావయ్య నా వైపు వంగి, ఎన్నడూ లేనంత మెల్లగా అడిగాడు.

“మరి మీ అక్క కోసమైనా ప్రార్థన చెయ్యొచ్చా?”

“అడిగి చెబుతాను మావయ్యా” అన్నాను.