మెట్ల మీది ఫోను

ఇవాళ పొద్దున నడకకి వెళ్తూ, నరసరావుపేటలో మా వీధి చివర కొత్తగా పెట్టిన జిమ్ము ముందు ఆగితే, ఒక యువకుడు లోపల అడుగు పెడుతూనే సెల్‌ఫోనులో ఫొటో తీసుకుని, తాను ఫలానా చోట ఉన్నానని లోకమంతటికీ చాటుకోవటం చూశాను. నవ్వుకుంటారేమో గానీ, ఎవరైనా అతన్ని గమనిస్తున్నారేమోనని అటూ ఇటూ చూశాను. ఇక్కడి ముఠా కక్షలు చూసిన నా ఈడు వాళ్ళకి ఈ భయం విడమరిచి చెప్పక్కర్లేదు.

పదిహేనేళ్ళ కిందట ఇదే ఊళ్ళో ఒక జిమ్ముకి నేను మేనేజర్ని. గురజాల వైపు పల్లెలో ఒక వర్గానికి పెద్ద, పిల్లల చదువుల కోసం పేటలో కాపురం పెట్టినాయన, ఒళ్ళు తగ్గించుకోవటానికి మా దగ్గరికి వచ్చేవాడు. ఎదుటి వర్గంతో పాత పగలున్నాయి గనక ఇవాళ వచ్చిన వేళకి రేపు వచ్చేవాడు కాదు. ఆ వేళ నాకూ, ఆయన చేత కసరత్తు చేయించే ట్రైనరుకీ తప్ప మూడో మనిషికి తెలియకూడదు.

మనవైపు మనిషిని ముందు పేరు అడగం, ఊరు అడుగుతాం. ఆ ట్రైనరుది కారంపూడి దగ్గర పల్లె, ఎదుటి వర్గం పెద్దకి అత్తగారి ఊరూ అదే. ఆ సంగతి తెలిసిన రోజు నుంచి నాకు అన్నం సయించలేదు. కనిపెట్టి చూస్తే, పెద్దాయన రాగానే ఇతను మెట్ల మీదికి వెళ్ళి ఎవరికో రెండు ముక్కలు ఫోను చేసేవాడు, ఆయన వెళ్ళగానే మళ్ళీ చేసేవాడు. పక్కకి పిలిచి నిలదీశాను.

“ఎవరికయ్యా ఆ ఫోను?”

“తెలిసినోళ్ళకి సార్.”

“ఆయనొచ్చినప్పుడే గుర్తొస్తారా ఆ తెలిసినోళ్ళు?”

“అది చెప్పకూడదు సార్. మాటిచ్చా.”

అతని భార్యకి నెలలు నిండాయని తెలిసీ, రేపటి నుంచి రావద్దన్నాను. ఒక మనిషి ప్రాణం కాపాడానని ఆ రాత్రి హాయిగా నిద్రపోయాను.

మర్నాడు పెద్దాయన లోపల ఉండగా, నా బల్ల మీద ఫోను మోగింది. ఆయన భార్య. “అన్నా, మా ఆయన వచ్చిండా? తమ్ముడు ఇయ్యాల ఫోన్ చెయ్యలేదేంది?” అంది. భర్త క్షేమంగా వచ్చాడనీ, మళ్ళీ బండెక్కాడనీ చెప్పమని ఆవిడే బతిమాలుకుందట. ఆయనకి తెలిస్తే పిరికిదానివని కసురుకుంటాడని గుట్టుగా ఉంచమందట. ఆవిడ పుట్టిల్లూ ఆ పల్లేనట, చిన్నప్పటి నుంచి అతను ఆవిడని అక్కా అని పిలిచేవాడట. అంతగా ఊరు ఆరా తీసిన నేను, ఆ ఊళ్ళో ఇంకెవరెవరున్నారో అడగనే లేదు.

పరుగున అతని గదికి వెళ్తే ఖాళీ చేసి వెళ్ళిపోయారన్నారు. ఫోను చేస్తే పదిరోజుల దాకా ఎత్తలేదు. ఎత్తాక, తప్పు నాదే, వచ్చెయ్యమన్నాను. అతను ఒక్క నిష్ఠూరం ఆడలేదు. “పర్లేదు సార్, ఇక్కడ పని చూసుకున్నా. అక్కకి ఎవరు చేస్తన్నారు మరి ఫోను?” అన్నాడు. ఎవరూ చెయ్యటం లేదని చెప్పటానికి నోరు రాక, నేనే చేస్తున్నానన్నాను. ఆ సాయంత్రం నుంచి చేశాను.

ఆ జిమ్ము మూసేసేదాకా చేస్తూనే ఉన్నాను. ప్రతిసారీ ఆవిడ “చల్లంగుండు అన్నా” అనేది, నాకు సిగ్గుతో తల వాలిపోయేది. ఇప్పుడు భర్త ఎక్కడున్నాడో భార్య ఫోనులోనే కనబడుతుందట, మధ్యలో ఎవరి సాయమూ అక్కర్లేదట. మంచిదే, ఆ ఫోను మూలంగా ఇక ఎవరి ఉద్యోగమూ పోదు. కానీ ఇచ్చిన మాట కోసం నోరు కట్టుకుని, కడుపుతో ఉన్న భార్యని తీసుకుని ఊరు వదిలిపోయిన మనిషి ఒకడు నా దగ్గర పనిచేశాడు. నేను అతన్ని నమ్మలేదు.